గోత్రాలు వేరైనా తాతగారు ఒక్కరే

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. నాకు 24 ఏళ్ళు. బీకాం చదివి ఒంగోలులో ఉద్యోగం చేస్తున్నాను. మా మేనమామగారి అబ్బాయికి నన్ను ఇవ్వాలని రెండువైపులా పెద్దలు అనుకుంటున్నారు. బావంటే నాకు అయిష్టమేమీ లేదు, చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషి. నా భయమల్లా పుట్టబోయే పిల్లల గురించే. మా తాతయ్య సొంత అక్క కూతురినే చేసుకున్నారు. మా పెద్దమ్మను తాతయ్య చెల్లెలి కొడుక్కి ఇచ్చారు. వాళ్ళబ్బాయి, అంటే నాకు అన్న, పుట్టుకతోనే వినికిడి లేనివాడు. ఈ మాట ఎత్తితే అమ్మ "రక్తం గ్రూపులు వేరని పరీక్షలో వచ్చింది, గోత్రాలు ఎలాగూ వేరు, ఇంకేం కావాలి" అంటుంది. బీఎస్సీ చదివిన మా బాబాయి "వందల ఏళ్ళుగా మేనరికాలు చేసుకుంటున్నవాళ్ళలో చెడ్డ జన్యువులు ఎప్పుడో ఏరివేయబడి ఉంటాయి, పరిణామ సిద్ధాంతం చెప్పేది అదే" అంటారు. ఎవరి మాట నిజం? నేనేం చేయాలి? — ఒక సోదరి

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది ఏమిటంటే, ఎవరిని ఎవరికి ఇచ్చారో, ఎవరికి ఎవరు ఏమవుతారో పొల్లుపోకుండా రాశారు. ఈ ప్రశ్నకు జవాబు చాలావరకు ఆ వరసల్లోనే ఉంది. ముప్పై ఏళ్ళు డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం చెప్పినదాన్ని. ఏటా విద్యార్థుల చేత వాళ్ళ ఇంటి వంశవృక్షం గీయించేదాన్ని. పేరుకు వృక్షమే గాని, సగంమంది కాగితాల మీద అది చెట్టులా కాక చేపల వలలా వచ్చేది. మీది కూడా అలాంటి వలే. దాన్ని జాగ్రత్తగా విప్పి చూద్దాం.

ముందుగా గోత్రం సంగతి. గోత్రం తండ్రి నుంచి కొడుక్కి, ఆ కొడుకు నుంచి మనవడికి వస్తుంది. కూతురు పెళ్ళితో అత్తవారి గోత్రంలోకి వెళ్ళిపోతుంది. శరీరంలో ఈ దారినే నడిచేది ఒక్క వై క్రోమోజోము. అది మగవాళ్ళకే ఉంటుంది, వాళ్ళలోనూ 46 క్రోమోజోముల్లో ఒకటి మాత్రమే. మిగిలిన వాటికి గోత్రంతో ఏ సంబంధమూ లేదు. మీ అమ్మగారు పెళ్ళి చేసుకుని గోత్రం మార్చుకున్నంత మాత్రాన, తాతయ్య నుంచి వచ్చిన 23 క్రోమోజోములనూ అమ్మమ్మ నుంచి వచ్చిన 23 క్రోమోజోములనూ పుట్టింట్లో వదిలి రాలేదు. మేనరికంలో గోత్రాలు ఎప్పుడూ వేరుగానే ఉంటాయి. అవి వేరు కాబట్టే ఆ పెళ్ళికి ఆచారం ఒప్పుకుంటుంది. అందుచేత "గోత్రాలు వేరు" అన్న మాట మీ సందేహానికి జవాబు కాదు, మేనరికం అన్న మాటనే ఇంకో రకంగా చెప్పడం. మనకు మేనమామ కొడుకు బావ, పెద్దమ్మ కొడుకు అన్న. ఒకరితో పెళ్ళి ముచ్చట, ఇంకొకరితో ఆ ఊహే పాపం. జన్యువుల లెక్కలో మాత్రం మామూలుగా ఇద్దరూ ఒకే దూరంలో ఉంటారు: ఇద్దరితోనూ సగటున ఎనిమిదో వంతు జన్యువులు మనకు ఉమ్మడిగా ఉంటాయి.

రక్తం గ్రూపు మాట కూడా ఇలాంటిదే, కాకపోతే పరీక్ష కాగితం చేతిలో ఉంటుంది కాబట్టి మరింత నమ్మకంగా వినిపిస్తుంది. ఎ, బి, ఓ గ్రూపులను నిర్ణయించేది తొమ్మిదో క్రోమోజోము మీద ఉన్న ఒకే ఒక్క జన్యువు. మనిషికి ప్రోటీన్లను తయారుచేసే జన్యువులు దాదాపు 20,000 ఉంటాయి. వాటిలో ఒక్కదాన్ని చూసి మిగిలినవి కలిశాయా, విడిపోయాయా అని తేల్చడమంటే, బస్తా మీద ముద్ర చూసి లోపలి బియ్యంలో రాళ్ళు లేవని చెప్పడమే. ఒకే తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ములకు వేరు వేరు గ్రూపులు ఉండవచ్చు, ముక్కూ మొగం తెలియని ఇద్దరికి ఒకే గ్రూపు ఉండవచ్చు. గ్రూపు పరీక్ష వల్ల తెలిసే అక్కరకు వచ్చే విషయం ఒకటుంది. మీరు ఆర్‌హెచ్ నెగెటివ్, ఆయన పాజిటివ్ అయితే గర్భం వచ్చినప్పుడు యాంటీ-డి ఇంజెక్షన్ అవసరం పడుతుంది. అది మేనరికమైనా, బయటి సంబంధమైనా చూసుకోవలసిందే. రెండు గ్రూపులూ కలవకపోతే మేనరికానికి దోషం లేదన్న మాట ఎక్కడ పుట్టిందో గాని, చదువుకున్న ఇళ్ళలో కూడా గట్టిగా పాతుకుపోయింది.

ఇక అసలు విషయానికి వస్తాను. జన్యుశాస్త్రానికి పునాది వేసిన మెండెల్ 1866లో అచ్చువేయించిన బఠాణీల వ్యాసంలో, గుండ్రని గింజల మొక్కలను ముడతలు పడ్డ గింజల మొక్కలతో సంకరం చేస్తే మొదటి తరంలో అన్నీ గుండ్రంగానే వచ్చాయి. ఆ తరం తనలో తాను ఫలదీకరణ చెందాక వచ్చిన గింజల్లో 5,474 గుండ్రంగా, 1,850 ముడతలు పడి ఉన్నాయి. అంటే మొదటి తరంలో కనపడకుండా పోయిన ముడత చెరిగిపోలేదు, దాగింది. ప్రతి జన్యువూ మనలో రెండు కాపీలుగా ఉంటుంది, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. ముడత గింజలో పిండి పదార్థాన్ని సరిగ్గా పేర్చే ఎంజైము జన్యువు చెడిపోయి ఉంటుంది. పిండి తక్కువై చక్కెర మిగిలిపోవడంతో లేత గింజ ఎక్కువ నీటిని పీల్చుకుంటుంది, ఎండినప్పుడు ఆ నీరు పోయి తోలు ముడుచుకుంటుంది. రెండు కాపీల్లో ఒకటి బాగున్నా అది చేసే ఎంజైము చాలు, గింజ గుండ్రంగానే ఉంటుంది. పాఠ్యపుస్తకాల్లో అంతర్గత లక్షణం అని చదువుకున్నది ఇదే. ఒక కాపీ చెడిపోయినా పైకి ఏ లోపమూ కనిపించని మనుషులను వాహకులు అంటారు. మనలో దాదాపు ప్రతి ఒక్కరమూ ఏదో ఒక జన్యువు విషయంలో వాహకులమే, ఆ సంగతి తెలియకుండానే జీవితం గడిచిపోతుంది.

మీ అన్నగారి వినికిడికి ఇది ఎలా వర్తించవచ్చో ఒక ఉదాహరణతో చెబుతాను. పుట్టుకతో వచ్చే చెవుడుకు కారణమయ్యే జన్యువులు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువగా కనిపించేది పదమూడో క్రోమోజోము మీద ఉన్న జీజేబీ2. అది కనెక్సిన్ 26 అనే ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. లోపలి చెవిలో ఒక కణం నుంచి పక్క కణానికి పొటాషియం వెళ్ళే సన్నని దారులు ఈ ప్రోటీన్‌తోనే కట్టినవి, శబ్దం నాడీ సంకేతంగా మారడానికి ఆ రాకపోకలు కావాలి. ఈ ప్రోటీన్‌లో 226 అమైనో ఆమ్లాలు వరసగా ఉంటాయి. భారతదేశంలో ఈ జన్యువులో ఎక్కువగా కనిపించే మార్పులో, 24వ చోట ట్రిప్టోఫాన్‌ను సూచించే టీ-జీ-జీ అన్న మూడక్షరాల మాటలో నడిమి అక్షరం మారి టీ-ఏ-జీ అవుతుంది. జన్యు భాషలో టీ-ఏ-జీ అంటే "ఇక్కడ ఆపు" అని అర్థం. 226 మెట్లు కట్టవలసిన మేస్త్రీ 23 మెట్లు కట్టి పని ఆపేసినట్టు. ఒక కాపీలో ఇలా జరిగితే రెండో కాపీ పని నడిపిస్తుంది. రెండు కాపీల్లోనూ జరిగితే బిడ్డకు వినికిడి ఉండదు. మీ అన్నగారిది ఇదే కారణమని నేను అనడం లేదు. గర్భంలో ఉండగా తల్లికి రుబెల్లా సోకినా, పుట్టగానే పచ్చకామెర్లు బాగా ముదిరినా, మెదడు పొరలకు వాపు వచ్చినా, కొన్ని ఇంజెక్షన్ల వల్లా పిల్లలకు చెవుడు రావచ్చు. ఏది కారణమో పరీక్షతో తేలవలసిందే. కాని ఆయన తల్లిదండ్రులది కూడా మేనరికం కాబట్టి అంతర్గత జన్యు కారణాన్ని ముందుగా అనుమానించడం న్యాయం.

అలాగే అనుకుని లెక్క వేద్దాం. మీ పెద్దమ్మలో ఆ చెడ్డ కాపీ ఒకటి ఉండితీరాలి, అది ఆమెకు తాతయ్య నుంచో అమ్మమ్మ నుంచో వచ్చి ఉండాలి. వాళ్ళిద్దరిలో ఒక్కరే వాహకులైతే, ఆ కాపీ మీ అమ్మగారికి వచ్చే అవకాశం సగం, ఆమె నుంచి మీకు వచ్చే అవకాశం అందులో సగం, అంటే నాలుగో వంతు. మీ మామగారి ద్వారా బావకు వచ్చే అవకాశమూ నాలుగో వంతే. ఇద్దరూ వాహకులయ్యే అవకాశం 16లో 1. ఇద్దరూ వాహకులైన దంపతులకు ప్రతి కాన్పులోనూ బిడ్డకు రెండు చెడ్డ కాపీలు వచ్చే అవకాశం 4లో 1. అన్నీ గుణిస్తే 64లో 1. కాని మీ ఇంట్లో ఒక మెలిక ఉంది. తాతయ్య, అమ్మమ్మ మేనమామ, మేనకోడలు కాబట్టి ఇద్దరూ వాహకులై ఉండవచ్చు. అప్పుడు చెవులు బాగా వినిపించే మీ అమ్మగారు వాహకురాలు కావడానికి 3లో 2 అవకాశం, మీకు 3లో 1, బావకు 3లో 1. మీ బిడ్డ వరకు వచ్చేసరికి 36లో 1 అవుతుంది. అంటే ఏ పరీక్షా చేయించకుండా ఉన్న ఈ క్షణంలో, ఈ ఒక్క కారణం వల్ల ముప్పు నూటికి ఒకటిన్నరకూ మూడుకూ మధ్య ఉందని అనుకోవచ్చు. మీరు ఉత్తరం రాసేటప్పుడు మనసులో ఊహించుకున్న అంకె దీనికంటే చాలా పెద్దదని నా అనుమానం. మీ అమ్మగారు ఊహించుకున్నది సున్నా.

మిగిలిన జన్యువుల మాట కూడా చెప్పాలి, ఎందుకంటే తాతయ్య, అమ్మమ్మల్లో చెవుడు కాపీ ఒక్కటే దాగి ఉందని ఏమీ లేదు. మామూలు మేనరికంలో పుట్టే బిడ్డకు, ఏ జన్యువును తీసుకున్నా, రెండు కాపీలూ ఒకే పూర్వీకుని ఒకే కాపీ నుంచి వచ్చి ఉండే అవకాశం 16లో 1, అంటే 64లో 4. అక్క కూతురిని చేసుకుంటే అది 8లో 1, సరిగ్గా రెట్టింపు. మీ విషయంలో ఉమ్మడి తాతయ్య, అమ్మమ్మలే దగ్గరి చుట్టాలు కాబట్టి లెక్క 64లో 4 దగ్గర ఆగదు, 64లో 5 అవుతుంది. పెద్ద తేడా కాదు గాని, తరం తరువాత తరం అదే ఇంట్లో ఇచ్చిపుచ్చుకుంటూ పోతే అంకె ఎలా పెరుగుతుందో ఇందులో కనిపిస్తుంది. దీనిలో మీకు అనుకూలమైన చిన్న సంగతి ఒకటి ఉంది. బావకు ఎక్స్ క్రోమోజోము వాళ్ళమ్మ నుంచి, అంటే మీ అత్తయ్య నుంచి వచ్చింది, మామయ్య నుంచి వచ్చింది వై. అందుచేత మేనమామ కొడుకును చేసుకున్నప్పుడు ఎక్స్ మీది జన్యువులు ఆ ఉమ్మడి తాతల దారిలో కలవవు. మేనత్త కొడుకైతే కలవవచ్చు. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు మామ కొడుకు, అత్త కొడుకు సమానం కారని నేను ఈ ఒక్క చోట మాత్రమే ఒప్పుకునేదాన్ని.

వైద్యంలో ఈ అంకెలకు అర్థం ఏమిటి? ఏ చుట్టరికమూ లేని దంపతులకు కూడా పుట్టుకతో చెప్పుకోదగ్గ లోపం ఉన్న బిడ్డ కలిగే అవకాశం నూటికి 2 నుంచి 3 వరకు ఉంటుంది. మేనమామ, మేనత్త పిల్లల మధ్య జరిగే పెళ్ళిళ్ళలో, ఇంట్లో తెలిసిన జబ్బు ఏదీ లేనప్పుడు, దానికి అదనంగా చేరే ముప్పు 1.7 నుంచి 2.8 శాతం వరకు ఉంటుందని అమెరికాలోని జన్యు సలహాదారుల సంఘం 2002లో వెలువరించిన మార్గదర్శకాలు లెక్క కట్టాయి. అంటే మేనరికపు దంపతుల్లో అత్యధికులకు ఆరోగ్యవంతులైన పిల్లలే పుడతారు. అందుకే ప్రతి ఇంట్లోనూ "ఫలానావాళ్ళది మేనరికమే, నలుగురు పిల్లలూ బంగారంలా ఉన్నారు" అని చూపించడానికి ఒక జంట దొరుకుతుంది. ఆ మాట అబద్ధం కాదు, అయితే దాని నుంచి ఏమీ తేలదు. పై లెక్క మీకు యథాతథంగా వర్తించదు కూడా, ఎందుకంటే మీ ఇంట్లో ఇప్పటికే ఒకరికి వినికిడి లేదు, పై తరంలో రెండు దగ్గరి పెళ్ళిళ్ళు ఉన్నాయి.

ఈ భయం మీ ఒక్కరిదే అనుకోకండి. పరిణామ సిద్ధాంతాన్ని నిలబెట్టిన చార్లెస్ డార్విన్ 1839లో పెళ్ళాడిన ఎమ్మా వెడ్జ్‌వుడ్ ఆయనకు ఎవరనుకున్నారు? సాక్షాత్తూ మేనమామ కూతురు. ఆమెకు ఆయన మేనత్త కొడుకు. వాళ్ళకు పదిమంది పిల్లలు పుట్టారు, ముగ్గురు చిన్నతనంలోనే పోయారు. ఆ కాలంలో అంటురోగాలకు పిల్లలు పోవడం మామూలే గాని, డార్విన్‌కు మాత్రం తన పెళ్ళి వల్లనే పిల్లలు బలహీనంగా పుట్టారేమోనన్న దిగులు జీవితాంతం వదల్లేదు. బ్రిటన్ జనాభా లెక్కల్లో దగ్గరి చుట్టాల పెళ్ళిళ్ళ గురించి ఒక ప్రశ్న చేర్చాలని 1870లో స్నేహితుడు జాన్ లబక్ ద్వారా పార్లమెంటులో అడిగిస్తే సభ్యులు తోసిపుచ్చారు. మెండెల్ వ్యాసం అప్పటికి అచ్చయి నాలుగేళ్ళయింది, కాని డార్విన్‌కు దాని సంగతి తెలియదు. తెలిసి ఉంటే తన దిగులును లెక్కగా మార్చుకుని ఉండేవాడు. ఆ పని 1902లో ఆర్చిబాల్డ్ గ్యారడ్ అనే లండన్ వైద్యుడు చేశాడు. నిలవ ఉంచిన మూత్రం నల్లబడే ఆల్కాప్టోన్యూరియా అనే అరుదైన స్థితి ఉన్నవారిలో తల్లిదండ్రులు దగ్గరి చుట్టాలైన కుటుంబాలు ఎక్కువగా కనిపించడం గమనించి, అది మెండెల్ చెప్పిన అంతర్గత లక్షణంలా నడుస్తోందని ఆయన రాశాడు. మన ప్రాంతం మీద కూడా పని జరిగింది. 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడిన బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యుడు, పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లోని మేనరికాల సంఖ్యపైనా వాటి ఫలితాలపైనా 1963లో ఒక వ్యాసం ప్రచురించారు.

ఇప్పుడు మీ బాబాయిగారి వాదన. దాన్ని తేలిగ్గా తీసిపారేయను, ఎందుకంటే అది బుద్ధి ఉన్న మనిషికి తట్టే ఆలోచనే. ఎల్.డి. సంఘ్వీ అనే భారతీయ జన్యుశాస్త్రవేత్త 1966లో దాదాపు ఇదే ఊహ ప్రతిపాదించారు. తరతరాలుగా దగ్గరి పెళ్ళిళ్ళు జరిగిన దక్షిణాదిలో హానికరమైన అంతర్గత జన్యువులు పిల్లల్లో బయటపడి, ఆ పిల్లలు బతకక, క్రమంగా తగ్గిపోయి ఉండవచ్చునన్నది ఆయన మాట. కొంతవరకు ఇది జరిగే పనే. కాని అది ఎంత నెమ్మదిగా జరుగుతుందో చూడండి. ఒక చెడ్డ కాపీ జనాభాలో నూటికి ఒకటి చొప్పున ఉందనుకుందాం. చుట్టరికం లేని పెళ్ళిళ్ళలో పదివేలమంది పిల్లల్లో ఒక్కరికి మాత్రమే రెండు చెడ్డ కాపీలు వస్తాయి. అంటే ఆ చెడ్డ కాపీల్లో నూటికి 99 ఆరోగ్యంగా ఉన్న వాహకుల్లో దాగి ఉంటాయి, బతుకుకు పనికిరాని లక్షణాలను తరాల మీద తగ్గిస్తూ పోయే ప్రకృతి వరణం కంటికి అవి ఆననే ఆనవు. అందరూ మేనరికాలే చేసుకుంటే పదివేలకు ఒక్కరికి బదులు ఏడుగురు అలా పుడతారు. ఏరివేత ఏడు రెట్లు వేగంగా జరుగుతుందన్న మాట నిజమే, కాని ఏరివేత అని మనం పుస్తకంలో చదివే ఆ మాటకు అర్థం ఆ ఏడుగురు పిల్లలు. పైగా వినికిడి లేకపోవడం వంటివి ప్రాణం తీసేవి కావు. అలాంటివారు హాయిగా పెళ్ళి చేసుకుని పిల్లలను కంటారు, కనాలి కూడా. అక్కడ ఏరివేత ప్రసక్తే లేదు.

వాదన రెండో చోట కూడా జారిపోతుంది. ఏది చెడ్డ జన్యువో పరిణామానికి ముందుగా తెలియదు, ఉన్న చోటును బట్టి అది తేలుతుంది. కొడవలి కణ రక్తహీనతకు కారణమయ్యే కాపీ రెండు వచ్చినవారికి నరకం, ఒకటి వచ్చినవారికి మాత్రం ప్రాణాంతకమైన మలేరియా నుంచి రక్షణ. ఆంథనీ ఆలిసన్ 1954లో ఆఫ్రికాలో ఈ సంగతి తేల్చాడు. అందుకే మలేరియా విపరీతంగా ఉన్న ప్రాంతాల్లో ఆ కాపీని ప్రకృతి వరణం ఏరివేయకపోగా కాపాడుతూ వచ్చింది. మన ఏజెన్సీ ప్రాంతాల గిరిజనుల్లో అది ఇప్పటికీ కనిపిస్తుంది.

మూడో మాట మీ బాబాయిగారికి తప్పకుండా చెప్పండి, ఇష్టపడతారు. హైదరాబాదులోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థకు చెందిన కుమారస్వామి తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు దక్షిణాసియాలో 260కి పైగా సమూహాల డీఎన్ఏను పరిశీలించి 2017లో ఫలితాలు ప్రచురించాయి. వాటిలో 81 సమూహాల్లో స్థాపక ప్రభావం ఫిన్లాండు ప్రజల్లోకన్నా, అష్కెనాజీ యూదుల్లోకన్నా బలంగా ఉందని తేలింది. స్థాపక ప్రభావమంటే, కొద్దిమంది పూర్వీకుల సంతతి తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకుంటూ పోవడం వల్ల ఆ కొద్దిమందిలో దాగి ఉన్న కాపీలు పెద్ద జనాభాలోకి పాకడం. దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ మన దగ్గరే ఉంది. వైశ్యుల్లో బ్యూటిరైల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం ఇతరుల్లోకన్నా దాదాపు వంద రెట్లు ఎక్కువ. రోజువారీ జీవితంలో వాళ్ళకు దానివల్ల ఏ ఇబ్బందీ లేదు, కాని శస్త్రచికిత్సకు ముందు సక్సినైల్ కోలిన్ అనే కండరాలను సడలించే మందు ఇస్తే, కొద్ది నిమిషాల్లో తీరిపోవలసిన దాని ప్రభావం గంటల తరబడి ఉండిపోయి ఊపిరి యంత్రం మీద ఉంచవలసి వస్తుంది. వందల ఏళ్ళ పాటు ఒకే కులంలో పెళ్ళిళ్ళు జరిగాక కూడా ఆ కాపీ ఏరివేయబడలేదు, ఆపరేషన్ గదులే లేని కాలంలో దాన్ని పట్టుకునేది ఏదీ లేదు కాబట్టి. ఇందులో మీకు పనికివచ్చే సంగతి మరొకటి ఉంది. బావను కాదని అదే కులంలో, చుట్టరికం ఏమీ లేదనుకున్న ఇంటికి వెళ్ళినా ముప్పు తగ్గుతుందే గాని సున్నా కాదు. "బయటి సంబంధం" అన్న మాట మనం అనుకున్నంత బయట ఉండదు.

ఇంతకీ మీరు చేయవలసింది. మీరూ బావా కలిసి, పెద్దవాళ్ళను కూర్చోబెట్టుకుని, మూడు తరాల వంశవృక్షం గీయండి. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, చుట్టరికం ఉన్న దంపతుల మధ్య ఒకటి కాక రెండు గీతలు, జబ్బు ఉన్నవారి గుర్తును సిరాతో నింపాలి. ఇంట్లో సాధారణంగా చెప్పని విషయాలే ఇక్కడ అవసరం: పురిట్లో పోయిన పిల్లలు, నిలవని గర్భాలు, "దిష్టి తగిలి పోయాడు" అన్నవాళ్ళు, నడక ఆలస్యమైనవాళ్ళు, ఫిట్స్ వచ్చినవాళ్ళు. ఈ వివరాలు అమ్మమ్మ వయసువారికే తెలుస్తాయి. నా అనుభవంలో వాళ్ళు నలుగురిలో చెప్పరు, పప్పు రుబ్బుతూనో పూలు కడుతూనో ఒక్కరే ఉన్నప్పుడు అడిగితే చెబుతారు. ఆ కాగితం పట్టుకుని వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి. హైదరాబాదులో నిమ్స్‌లో ఆ విభాగం ఉంది, జన్యు పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ కూడా అక్కడే ఉంది.

పరీక్షల్లో వరస ముఖ్యం. చాలామంది పెళ్ళి చేసుకోబోయే ఇద్దరికీ ముందు పెద్ద పరీక్ష చేయించి, "ఏమీ లేదు" అన్న కాగితం చూసి ఊపిరి పీల్చుకుంటారు. మీ ఇంట్లో ముందు పరీక్ష జరగవలసింది మీ అన్నగారికి. ఆయన రక్తంలో కారణమైన మార్పు ఫలానా జన్యువులో ఫలానా చోట ఉందని తేలితే, మీకూ బావకూ ఆ ఒక్క చోటును మాత్రమే చూస్తే చాలు, జవాబు సూటిగా వస్తుంది. మీ ఇద్దరిలో ఒక్కరికే ఆ కాపీ ఉన్నా, ఎవరికీ లేకపోయినా, ఆ కారణం వల్ల మీ పిల్లలకు చెవుడు వచ్చే ముప్పు ఇంచుమించు లేనట్టే. ఇద్దరికీ ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగో వంతు. అది ముందే తెలిస్తే పెళ్ళి గురించి ఆలోచించుకోవచ్చు. పెళ్ళి చేసుకున్నా, గర్భం వచ్చిన 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి నమూనా తీసి పరీక్షించే వీలుంది, లేదా బిడ్డ పుట్టిన మొదటి రోజుల్లోనే వినికిడి పరీక్ష చేయించి ఆలస్యం లేకుండా చికిత్స మొదలుపెట్టవచ్చు. ఐదో నెలలో తీసే స్కానింగులో చెవుడు కనపడదు, ఆ నమ్మకం పెట్టుకోకండి. వీటితో పాటు మీ ఇద్దరూ తలసేమియా, కొడవలి కణం తెలిసే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవాలి. అది మేనరికానికే కాదు, పెళ్ళి చేసుకునే ప్రతి జంటకూ నేను చెప్పేదే. అన్ని పరీక్షలూ బాగున్నా, తెలియని జన్యువుల వల్ల ఉండే కొద్దిపాటి అదనపు ముప్పు మిగిలే ఉంటుంది. దాన్ని ఏ ప్రయోగశాలా పూర్తిగా తుడిచివేయలేదు.

బావంటే అయిష్టం లేదని రాశారు, అందుకే ఇంత లెక్క వేశాను. ఒకవేళ అయిష్టం ఉండి, దాన్ని నోటితో చెప్పలేక జన్యువులను అడ్డం పెట్టుకుంటున్నట్లయితే, ఈ జవాబు మీకు ఉపయోగపడదు. రేపు పరీక్ష అంతా బాగుందని వస్తే మీ దగ్గర ఇక మాట మిగలదు. అప్పుడు వద్దనుకుంటున్నానని సూటిగా చెప్పడమే మేలు.

చివరగా మీ అన్నగారి విషయం. పరీక్ష ఆయన ఒంటి మీద జరిగేది, ఆయన ఒప్పుకుంటేనే జరగాలి. పెద్దమ్మకు చెప్పి, ఆమె చేత "ఆసుపత్రికి పద" అనిపించడం తేలికైన దారిలా కనిపిస్తుంది, అలా చేయకండి. తన వల్లనే చెల్లెలి పెళ్ళి ఆగిపోతోందేమోనని ఆయన అనుకునే ప్రమాదం ఉంది. మీరే వెళ్ళి, ఆయనకు అలవాటైన సైగలతోనో కాగితం మీద రాసో, ఈ మార్పు తాతయ్య కాలం నుంచి ఇంట్లో చాలామందిలో ఉండి ఉండవచ్చనీ, మీలో కూడా ఉండవచ్చనీ, అది ఏమిటో ఆయన రక్తం ఒక్కటే చెప్పగలదనీ వివరించండి. ఆయనకూ పెళ్ళి వయసే కదా, కారణం తెలిస్తే ఆయన పిల్లల విషయంలోనూ పనికివస్తుంది. వినికిడి లేని ఇద్దరు పెళ్ళి చేసుకున్నప్పుడు వాళ్ళ లోపాలు వేరు వేరు జన్యువుల్లో ఉంటే పిల్లలకు చక్కగా వినపడుతుందని ఆయనకు ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు, ఆ మాట కూడా రాసి చూపించండి.